వెల్మా మరిచిన పక్కపిడి

వెల్మా హాప్ట్ చేతిమీదుగా వెళ్ళిన తుపాకి మళ్ళీ ఆమె బల్ల మీదికి వచ్చిందంటే, అది తుప్పు పట్టి రావాలే తప్ప పని చెడి రాదు. మా కొండల్లో ఆమె గురించి అందరూ అనే మాట అది. ఆమె కూడా ఎన్నడూ కాదనలేదు. పొగరంటే పొగరే. పెన్సిల్వేనియా ఉత్తరపు కొండల్లో, మగవాళ్ళు తప్ప ఇంకెవరూ ముట్టని తుపాకుల మరమ్మతు పనిలో ఒక ఆడమనిషి ముప్పై ఏళ్ళు నిలబడాలంటే ఆ మాత్రం పొగరు ఉండొద్దూ!

ఆమె తండ్రి ఏమస్ పెద్ద పనిమంతుడు. కీళ్ళవాతం వచ్చి ఆయన వేళ్ళు కొంకర్లు పోయేసరికి, తోళ్ళ కర్మాగారంలో చిట్టాలు రాసుకునే కూతుర్ని పిలిచి బల్ల ముందు కూర్చోబెట్టాడు. నోరు ఆయనది, చేతులు ఈమెవి. అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. ఆయన పోయాక మొదటి ఏడాది వచ్చినవాడల్లా గుమ్మంలోనే నిలబడి, లోపలికి తొంగిచూసి, "మీ నాన్న లేడా?" అని అడిగేవాడు.

"ఉన్నాడు, చర్చి వెనకాల పడుకున్నాడు. వెళ్ళి లేపుకో," అనేది వెల్మా, తల ఎత్తకుండానే.

తరవాత తరవాత ఎవరూ అడగలేదు.

ఇది ఎనభై మూడు నవంబరు నాటి సంగతి. అప్పటికి ఆమెకు యాభై ఎనిమిది. జింకల వేట మొదలవడానికి మూడు వారాల ముందు డెలాంగ్ అన్నదమ్ములు వచ్చారు. అన్న ఎమెట్‌కి డెబ్బై రెండు, తమ్ముడు వర్జిల్‌కి అరవై తొమ్మిది. ఇద్దరూ బతుకంతా రంపపు మిల్లులో దుంగలు కోసినవాళ్ళే. పెళ్ళాం పోయిన అన్న, పెళ్ళే కాని తమ్ముడు, ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. వర్జిల్ చెవుల్ని రంపం మోత తినేసింది. ఎమెట్ కళ్ళను వయసు తినేసింది. ఏటా వేట మొదటిరోజున ఇద్దరూ ఒకే పడిపోయిన చెట్టు మీద భుజం భుజం ఆనించి కూర్చుంటారు. ఆకు అలికిడైతే అన్న మోచేత్తో పొడుస్తాడు, కదలిక కనిపిస్తే తమ్ముడు మోచేత్తో పొడుస్తాడు. ఇద్దర్నీ కలిపి కుడితే ఒక నిండు మనిషి తయారవుతాడని వెల్మా ఎగతాళి చేసేది.

ఎమెట్ తుపాకిని బల్ల మీద పెట్టాడు. వాళ్ళ నాన్న కొన్న లీవర్ తుపాకి. నీలిరంగు అరిగి ఉక్కు తెల్లబడింది, కర్ర మీద చెంప ఆనే చోట నున్నగా గుంట పడింది.

"దీనికి దుర్భిణి బిగించాలమ్మాయ్," అన్నాడు.

"నీకేమైనా మతి పోయిందా? దీని నెత్తిన ఒక్క బొక్క కూడా లేదు. కొత్తగా తొలవాలి. తొలిచాక పూడ్చలేం."

"పోయినేడు కొమ్ములకు పది కొమ్మలున్న జింకపోతు నా ముందుకొచ్చి నిలబడింది. గురి చూద్దామని తుపాకి మీది వెనక గాడి చూస్తే ముందు బుడిపె మసక. బుడిపె చూస్తే పోతు మసక. ఆ మూడిటినీ ఒక వరసలో పెట్టేసరికి అది మేత ముగించుకుని, తోక ఊపుకుంటూ వెళ్ళిపోయింది. ఏడుపొచ్చింది తెలుసా!"

వర్జిల్‌కి సగం మాటలే అందాయి గాని, విషయం పాతదే గనక మిగతా సగం ఊహించుకున్నాడు. "అద్దంలోంచి చూసి కొట్టేది వేటా? టీవీ చూసినట్టు! నాన్న చూస్తే సమాధిలోంచి లేచొచ్చి చెవి మెలేస్తాడు," అన్నాడు.

"నీకు చెవులెక్కడున్నాయిరా మెలెయ్యడానికి?" అన్నాడు ఎమెట్.

"ఏంటి?"

"ఏం లేదు!"

వర్జిల్ బండి దగ్గరికి వెళ్ళాక ఎమెట్ గొంతు తగ్గించాడు. "ఇంకెన్నేళ్ళు కొండెక్కుతానో తెలీదు వెల్మా. ఇంట్లో కూర్చుంటే ఇద్దరం ఒకళ్ళనొకళ్ళు పీక్కు తింటాం. ఆ ఒక్కరోజు కోసమే ఏడాదంతా లాక్కొస్తున్నా. చేసి పెట్టు." ఆయన అలా బతిమాలడం వెల్మా ఎప్పుడూ వినలేదు. మనసు కరిగి సరేనంది.

నాలుగు బొక్కలు. వెంట్రుకవాసి పక్కకు జరిగినా దుర్భిణి వంకరగా కూర్చుంటుంది, ఇక్కడి వెంట్రుకవాసి నూరు గజాల దూరంలో మూరెడవుతుంది. వెల్మా కళ్ళజోడు సర్దుకుని, తుపాకిని పట్టులో బిగించి, మట్టం చూసి, గీత గీసి, మళ్ళీ మట్టం చూసింది. పాతకాలపు ఉక్కు పైపొర మహా మొండిది. మొదటి రెండు బొక్కలూ మర్యాదగా దిగాయి. మూడోదాంట్లో మరమేకు పట్టేలా మర తీస్తుంటే పనిముట్టు కీచుమంది. అక్కడ ఇంకో చుట్టు బలంగా తిప్పితే లోపలే విరుగుతుంది, విరిగితే తీయడానికి దేవుడు దిగిరావాలి. ఊపిరి బిగబట్టి, పావు చుట్టు వెనక్కి తిప్పి, నూనె చుక్క వేసి, మళ్ళీ ముందుకు తిప్పింది. కీచుమనలేదు. నాలుగోది అయ్యేసరికి ఆ నవంబరు చలిలో కూడా చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

దుర్భిణి కూర్చుంది. కూర్చున్నాక అసలు చిక్కు మొదలైంది. అది ఇలాంటి తుపాకులన్నిటికీ ఉన్నదే. లీవరు తోసి తూటా లోపలికి ఎక్కించగానే వెనకాలి హ్యామర్ తనంతట తనే లేచి నిలబడుతుంది. కాల్చేస్తే సరే. కాల్చకపోతే దాన్ని బొటనవేలితో గట్టిగా అదిమిపట్టి, ట్రిగ్గర్ నొక్కి, మెల్లమెల్లగా, పేలకుండా ఆగే సగం మెట్టుకు దింపుకోవాలి. ఆ కాలపు తుపాకులకు వేరే తాళం లేదు. వేలు జారిందా, తుపాకి పేలిందే. ఇప్పుడేమో దుర్భిణి సరిగ్గా హ్యామర్ నెత్తి మీద కూర్చుంది, వేలు దూరే సందు లేదు. అందుకని హ్యామర్‌కి పక్కపిడి అని చిన్న ఉక్కు ముక్క బిగిస్తారు. బొటనవేలి గోరంత ఉంటుంది. వేలు దాని మీద వేసి పక్కనుంచి దింపుకోవచ్చు. చూడ్డానికి ఏమీ కాదు గాని, ప్రాణం దాంట్లోనే ఉంది.

వెల్మా పక్కపిడి కూడా అమర్చి చూసింది. సరిగ్గా పట్టింది. కాని దాని చిన్న మరమేకుకు జిడ్డు అంటుకుని బిగువు చాలడం లేదనిపించి, విప్పి, కడిగి, గుడ్డ మీద ఆరబెట్టింది. సరిగ్గా అప్పుడే బయట హారన్ మోగింది. శనివారం మధ్యాహ్నం వస్తామన్న అన్నదమ్ములు పొద్దున్నే దిగారు. వర్జిల్‌కి తన హారన్ తనకే వినబడదు గనక వదలకుండా మోగిస్తున్నాడు.

"వస్తున్నానయ్యా! చెవులు పోయింది నీకు, నాక్కాదు!" అని అరుస్తూ వెల్మా తుపాకి తీసుకుని కొట్టాం వెనక్కి నడిచింది. ఎమెట్ గడ్డిమోపు మీద తుపాకి ఆనించి, దూరాన గురికి కట్టిన కాయితం మీద అయిదు తూటాలు కాల్చాడు. ప్రతిసారీ లీవరు తోశాడు, కాల్చాడు. తోశాడు, కాల్చాడు. లేచిన హ్యామర్‌ని కాల్చకుండా దింపాల్సిన పనే పడలేదు. అయిదు చిల్లుల్లో మూడు అరచేతిలో పట్టేంత దగ్గరగా పడ్డాయి.

ఎమెట్ దుర్భిణికి కన్ను ఆనించి కదల్లేదు. "అమ్మాయ్, చిల్లులు కనిపిస్తున్నాయి. కాయితం అంచు చిరుగు కూడా కనిపిస్తోంది," అన్నాడు. వర్జిల్ కూడా తొంగిచూసి ముక్కు చీదాడు. వర్జిల్ డెలాంగ్ నోటికి తాళం పడటం చూసి వెల్మాకు ఎంత సంతోషం వేసిందంటే, ఆ క్షణాన ఇంకేమీ గుర్తు లేదు.

"అంతా అయిపోయినట్టేనా?" అన్నాడు ఎమెట్, తుపాకిని సంచిలో పెడుతూ.

"అయిపోయింది," అంది వెల్మా.

సోమవారం వేట. మా వైపు ఆ రోజు పిల్లల బడులు కూడా తెరవరు. చీకటితోనే అందరూ కొండెక్కేస్తారు. ఏడు కొట్టగానే నలుదిక్కులా తుపాకులు మొదలవుతాయి. వెల్మా మాత్రం మొదటిరోజు వేటకు పోదు, ఎవడో ఒకడు విరిగిన మరతో పరుగెత్తుకొస్తాడని కొట్లోనే ఉంటుంది. ఏడుంపావుకు బల్ల తుడవడానికి గుడ్డ ఎత్తింది. పక్కపిడి దొర్లి, బల్ల అంచు దాకా వచ్చి ఆగింది.

మొదట అదేమిటో కూడా తట్టలేదు. తట్టాక, "అయ్యో దేవుడా, దేవుడా," అంటూ దాన్ని గుప్పిట్లో పట్టుకుని అక్కడే గిర్రున తిరిగింది. ఫోన్ చేసింది. అటు మోగుతూనే ఉంది. ఎవరుంటారు గనక? నాలుగున్నరకే వెళ్ళిపోయి ఉంటారు ముసలాళ్ళు.

లెక్క వేసుకుంది. చీకట్లో తూటా ఎక్కించి, హ్యామర్ ఒకసారి దింపే ఉంటాడు. అప్పటికి బండిలోని వెచ్చదనం వేళ్ళల్లో ఉంటుంది, ఎలాగో సందులో వేలు దూర్చి దింపుకుని ఉంటాడు. ఇక రెండోసారి? జింక కనబడి, హ్యామర్ లేపి, అది చెట్ల వెనక్కి పోయిందనుకో. అప్పుడు దింపాలి, గడ్డకట్టిన వేళ్ళతో. పక్కనే భుజం ఆనించుకుని తమ్ముడు. వెల్మా ఇక ఆలోచించలేకపోయింది. పక్కపిడి, దాని మరమేకు, అది బిగించే అలెన్ కీ జేబులో వేసుకుంది, తలుపు పక్క మేకుకు వేలాడే కోటు లాక్కుంది, బండి ఎక్కింది.

వాళ్ళు ఏటా వెళ్ళే టానరీ లోయ మొదట్లో, గేటు దగ్గర అన్నదమ్ముల బండి కనిపించింది. అద్దాల మీద మంచు పేరుకుంది. మంచులో రెండు జతల అడుగులు, ఒకటి తిన్నగా, ఒకటి కాలీడుస్తూ, కొండ మీదికి పోయాయి. వెల్మా ఆ అడుగుల్లోనే అడుగులేసింది.

మా వేటగాళ్ళకో లెక్కుంది. ఒక్క దెబ్బ వినిపిస్తే మాంసం, రెండు వినిపిస్తే అనుమానం, మూడు వినిపిస్తే తిట్లు. ఆ పొద్దున వెల్మాకు రెండూ మూడూ వినిపిస్తే పర్వాలేదు, ఒక్క దెబ్బ వినిపిస్తే మాత్రం ఎమెట్ వేలే జారిందేమో అనుకునేది. అటు పక్క కొండలో ఒకటి. ఆగి, చెవులు రిక్కించి, కాదు, దూరం, అనుకుని కదిలింది. పైన ఎక్కడో ఇంకొకటి. అది దగ్గరా? వాగు హోరులో తెలిసి చావదు. "వర్జిల్, ఓ వర్జిల్, కొంచెం దూరంగా జరిగి కూర్చోరా నాయనా," అని పైకే అనుకుంటూ ఎక్కింది. తన చిన్నప్పటినుంచీ తనూ వాడూ ఒకర్నొకరు ఏడిపించుకున్నవాళ్ళే. వాడికి ఏమైనా అయితే ఎమెట్ బతకడు. ఎమెట్‌కి ఆ సంగతి చెప్పి తను ఎలా బతుకుతుంది?

అరవొచ్చు కదా అంటారు మీరు. అక్కడే ఉంది మా కొండల తెలివితక్కువతనం. వేట మొదటి పొద్దున అడవిలో గొంతెత్తడం మావాళ్ళకు చర్చిలో బూతు మాట్లాడినట్టే. యుద్ధానికి ముందెప్పుడో పర్ల్ సైజర్ అనేవాడు తప్పిపోయిన కుక్క కోసం ఒక్క కేక పెట్టాడు. కుక్క ఎప్పుడో చచ్చింది, వాడూ ఎప్పుడో పోయాడు, ఈనాటికీ వాడి మనవల్ని 'అరుపుల పర్ల్ పిల్లలు' అంటారు. మనిషి ప్రాణం మీదికి వచ్చిందని తెలిసి కూడా వెల్మా నోరు పెగల్లేదు. ఇంకో నాలుగడుగులు వేస్తే చేరిపోతాను కదా, వాళ్ళ ముందు ఏ జింక ఉందో, ఎమెట్ ఏడాదంతా ఎదురుచూసిన రోజు చెడగొట్టడం ఎందుకు, అనుకుంది. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

నడక దారి మంచుకు జారుతోంది. వెల్మా దారి వదిలి లారెల్ పొదల్లోంచి అడ్డంగా ఎక్కింది. నిటారుగా ఉన్నచోట వంగి, చేతులు నేలకానించి పాకింది. ఊపిరి ఈలలా కొడుతోంది. తలెత్తి చూస్తే పైన, అరవై గజాల్లో, పడిపోయిన చెట్టూ దాని మీద వేటచొక్కాల నారింజ రంగు మచ్చలు రెండూ కనబడ్డాయి. ఇద్దరూ ఉన్నారు. ఇద్దరూ కూర్చునే ఉన్నారు. "హమ్మయ్య," అనుకుంది.

ఒక మచ్చ రెండోదాన్ని మోచేత్తో పొడిచింది.

రెండో మచ్చలోంచి గొట్టం లేచింది. మెల్లగా, తొందర లేకుండా, ఇటు తిరిగింది. ఉదయపు వెలుగు పడి దుర్భిణి అద్దం గుండ్రంగా మెరిసింది. ఏం చూస్తున్నారా అని వెల్మా వెనక్కి తిరిగింది. వెనకాల ఏమీ లేదు. అప్పుడు తన చేతి వంక చూసుకుంది. గోధుమరంగు కోటు. నారింజ చొక్కా వంటింటి తలుపు వెనక ఉంది. జింకనుకుని కాలుస్తారు, వేటరోజున ఆ రంగు లేకుండా అడవిలో అడుగుపెట్టొద్దని పదిమందికి చెప్పే మనిషి, ఆకులు రాలిన అడవిలో, గోధుమరంగు కోటేసుకుని, నాలుగు కాళ్ళ మీద పాకుతూ వచ్చింది.

పై ప్రాణాలు పైనే పోయాయి. చేతికి తెలియకుండానే జేబులోని తెల్లగుడ్డ కోసం చెయ్యి వెళ్ళింది, ఊపుదామని. సగంలో ఆగింది. పొదల్లో తెల్లగా ఏదైనా ఊగిందంటే మావాళ్ళ కంటికి అది జింక తోకే. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కదిలితే చావు, కదలకపోతే ఏమో. ఎమెట్ అని పిలుద్దామని నోరు తెరిచింది. ఇంతసేపూ దాచుకున్న గొంతు ఇప్పుడు కావాలంటే రాలేదు. పైనుంచి వర్జిల్ గుసగుస వినబడింది. చెవిటివాడి గుసగుస, అంటే ఊరంతా వినే గుసగుస.

"పెద్ద పోతురా! కొమ్ములు కనిపిస్తున్నాయి! కొట్టు! కొట్టెయ్!"

హ్యామర్ లేచిన చప్పుడు ఆమెకు టిక్కుమని వినబడింది. అంత దూరంనుంచి వినబడదని ఎవరన్నా ఆమె ఒప్పుకోదు. గొట్టం కదల్లేదు. వెల్మా కళ్ళు మూసుకోవాలనుకుంది గాని మూతలు పడలేదు. ఎంతసేపో తెలియదు.

గొట్టం పక్కకు తిరిగింది.

చూశాడు! చూశాడు నన్ను! మరుక్షణం ఎమెట్ పళ్ళతో చేతితొడుగు లాగెయ్యడం కనిపించింది. గొట్టాన్ని నేలవైపు వంచాడు. బొటనవేలు దుర్భిణి కిందికి దూర్చబోతున్నాడు. ఏమవుతుందో భూమ్మీద ఆమె ఒక్కదానికే తెలుసు. గొంతు అప్పుడొచ్చింది.

"దించకు! ఎమెట్, దించకు!"

తుపాకి పేలింది.

వెల్మా ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు. వెళ్ళేసరికి వర్జిల్ తన బూటు వంక చూస్తూ కూర్చున్నాడు. బూటుకు జానెడు దూరంలో నేల చీలి నల్లమట్టి పైకొచ్చింది. మధ్యలో పెట్టుకున్న ఫ్లాస్కు రెండు ముక్కలై, కాఫీ మంచు మీద పొగలు కక్కుతోంది. వర్జిల్ బూటు ఎత్తి చూసుకున్నాడు, దింపాడు. తరవాత తలెత్తి వెల్మాను చూశాడు. ఆమె కోటు చూశాడు.

"నువ్వా?" అన్నాడు. "నేను కొట్టమన్నా. కొమ్ములన్నా నేను. ఒట్టు, కొమ్ములే చూశా." అంటూనే చేతుల్లో మొహం దాచుకున్నాడు. వీపు ఎగిరెగిరి పడుతోంది.

"కొమ్ముల కోసమే వెతికా నేనూ," అన్నాడు ఎమెట్. "కొమ్ములు లేందే కొట్టకూడదు కదా. వెతుకుతుంటే అద్దంలో కళ్ళజోడు కనిపించింది. దాని వెనక నువ్వు. పాత గురి అయ్యుంటే నాకు కనిపించేది గోధుమరంగు మసక, అంతే. వాడి మాట నమ్మి కొట్టేసేవాణ్ణమ్మాయ్. చంపేసేవాణ్ణి నిన్ను."

వెల్మా మంచులో కూలబడింది. ఎమెట్ లీవరు తోసి తోసి తూటాలన్నీ బయటికి తీసేశాడు. ఒక్కొక్కటీ ఏరి జేబులో వేసుకున్నాడు. తుపాకిని చెట్టు మీద పెట్టి తన బొటనవేలిని చూసుకున్నాడు, అదెవరిదో అన్నట్టు.

"అరవై ఏళ్ళలో ఎన్నడూ జారలేదు. ఇవాళ జారింది. ఒకసారి నిన్ను, ఒకసారి వీణ్ణి, ఒకే పొద్దున ఇద్దర్ని చంపబోయా. ఇక చాల్లే. హ్యామర్ దింపుకోలేని ముసలాడికి వేటేంటి?" ఆమె వైపు తిరిగి, "అవునూ, ఇంతకీ నువ్వెందుకొచ్చావ్?" అన్నాడు.

వెల్మా జేబులోంచి పక్కపిడిని తీసి గుప్పిట పట్టింది. ఏదో ఒకటి చెప్పొచ్చు. దుర్భిణి మర ఒకటి వదులైందేమోనని వచ్చాననొచ్చు. రేపో ఎల్లుండో, ఇది కూడా ఉంటే మంచిదని కొత్తగా బిగించి ఇవ్వొచ్చు. ఎవడికీ తెలియదు. ముప్పై ఏళ్ళ పేరు అలాగే ఉంటుంది. ఆ ఆలోచన వచ్చిందని ఆమె తరవాత ఎన్నడూ దాచలేదు, సిగ్గుపడుతూనే చెప్పేది. గుప్పిట విప్పింది.

ఎమెట్‌కి అంత చిన్న వస్తువు కనబడలేదు. వేలితో తడిమాడు. అటు తిప్పి ఇటు తిప్పి, దాని చివర గరుకుగీతలు తగిలాక ఆయన వేలు ఆగిపోయింది.

"హ్యామర్ పక్కన బిగించే ముక్క కదూ ఇది," అన్నాడు.

"అయిపోయిందని చెప్పా నీకు. అవలేదు. మరిచిపోయా. నీ వేలు చచ్చిందేం కాదు, వేలు పెట్టే చోటే లేకుండా ఇచ్చా నీకు. తప్పు నాది ఎమెట్."

ఎమెట్ కోప్పడతాడనుకుంది. కోప్పడితే బావుణ్ణనుకుంది. ఆయన ఆమె వేళ్ళను ఒక్కొక్కటే పక్కపిడి మీదికి మూశాడు.

"జేబులో పెట్టుకో," అన్నాడు మెల్లగా. "వర్జిల్‌తో అనకు. వీడితో అంటే సాయంత్రానికి లోయంతా టముకు వేస్తాడు. రేపట్నుంచి ఎవడూ నీ గుమ్మం తొక్కడు. నా వేలు జారిందంటాలే. ముసలాణ్ణి, ఎవడైనా నమ్ముతాడు."

"ఏంటి గుసగుసలు?" అన్నాడు వర్జిల్, కళ్ళు తుడుచుకుంటూ. "ఏమంటోందిరా?"

ఎమెట్ తమ్ముడి చెవి దగ్గరికి వంగాడు. "నా వేలు జారిందంటున్నా!"

వర్జిల్ అన్న చేతి వంక చూశాడు. ఎగతాళి చేస్తాడని వెల్మా ఎదురుచూసింది. చెయ్యలేదు. జీవితంలో మొదటిసారి మెత్తగా మాట్లాడాడు. "అయితే ఇక నీకు తుపాకి వద్దన్నా," అన్నాడు. "ఇంట్లోనే ఉందాం. నాకూ కొండెక్కడం కష్టంగానే ఉందిలే." తండ్రి తుపాకిని తీసుకుని తన ఒళ్ళో అడ్డంగా పెట్టుకున్నాడు. ఎమెట్ ఇచ్చేశాడు. ఇచ్చి, లోయ వైపు మొహం తిప్పుకున్నాడు.

ఆ తిప్పుకోవడం చూడలేకపోయింది వెల్మా. లేచి నిలబడింది. చెవిటివాడికి వినబడేలా, ఊపిరితిత్తుల్లో ఉన్నదంతా కూడగట్టుకుని అరిచింది.

"వాడి వేలు జారలేదు వర్జిల్! తప్పు నాది! హ్యామర్‌కి పక్కపిడి బిగించకుండా తుపాకి ఇచ్చేశా! వెల్మా హాప్ట్ మరిచిపోయింది! విన్నావా? మీ అన్న వేలు సుబ్బరంగా ఉంది!"

ఎదుటి కొండ ఆ మాటల్ని తిరిగి పలికింది. కాకులు లేచాయి. కింద వాగు పక్కన ఎక్కడో పొదలు చెదిరాయి, జింకలు బెదిరి పరుగెత్తిన చప్పుడయింది. అవతలి గట్టు మీదినుంచి ఎవరో మగగొంతు పచ్చిబూతు తిట్టింది.

వర్జిల్ చెవి మీద చెయ్యి పెట్టుకుని, "ఎందుకే అలా అరుస్తావు? లోయలో ప్రతివాడూ విన్నాడు!" అన్నాడు.

"విననీ," అంది వెల్మా. వర్జిల్ ఒళ్ళోంచి తుపాకి తీసి ఎమెట్ చేతుల్లో పెట్టింది. "కదలకుండా పట్టుకో. ఇప్పుడు బిగిస్తా."